చీటీలో లేని గాయం

నమోదు 1
శుక్రవారం, ఉదయపు ఆటు మొదలైన వేళ

విపత్తుల సంచాలకత్వం వారి పత్రంలో పదకొండు గడులున్నాయి. గాయపడినవారు, తరలించినవారు, పోయినవారు, వాడిన కట్లు, మిగిలిన కట్లు. అన్నిటికీ చోటుంది గాని, ఏం జరుగుతోందో నాకు అర్థం కావడం లేదు అని రాయడానికి చోటు లేదు. అందుకని ఈ నోటుబుక్కులో విడిగా, చేత్తో రాస్తున్నాను. ఎవరూ చదవకపోవచ్చు. నలభై ఏళ్లు నేను రాసిన నివేదికల్నీ ఎవరూ చదవలేదు. చదివిన ఇద్దరు ముగ్గురు నా పేరు తీసేసి తమ పేర్లు పెట్టుకున్నారు.

కెరటాలను ఆపే గట్టు కడుపులో కట్టిన గూళ్లలో మాది పంతొమ్మిదోది. నూట ఎనభై మందిమి. బయట సముద్రం, లోపల మేము. ప్రతి పనికీ వంతులుంటాయి. ఎండ నుంచి కరెంటు తీసే పలకల మీద గాలికి పేరుకున్న ఉప్పును కొబ్బరి చిప్పతో గీకడం శుక్రవారం నా వంతు. డెబ్బై ఆరేళ్ల సర్జనుకు తగిన పని అని ఎవరో అనుకుని ఉంటారు.

నాలుగో పలక గీకుతుండగా గట్టు కదిలింది. పడమటి గదిలో కప్పు పెళ్ల ఊడిపడిన చప్పుడు. తర్వాత సైరను. ఆ తర్వాత నాలుగు నిమిషాలకు గోడలోని యంత్రం చీటీలు కక్కడం మొదలుపెట్టింది.

ఇక్కడే నాకు మొదటి చిక్కు. డ్రిల్లు అయితే చీటీలు ముందొస్తాయి, కుదుపు తర్వాత వస్తుంది. గట్టు కింద కుదిపే యంత్రాలున్నాయి, డ్రిల్లు నాడు వాటితోనే కదిలిస్తారు. ఈసారి వరస తిరగబడింది. గూడు పెద్ద బనమాలి చీటీలు పేర్చుకుంటూ కనిపించాడు.

"ఇది డ్రిల్లా, నిజమా?" అన్నాను.

"సీటీలొచ్చినాయి గదా బాబూ."

"నిజమైనప్పుడు కూడా చీటీలొస్తాయి."

"నిజమెప్పుడొచ్చినాది, మనం సూడ్డానికి?"

భూకంపం వస్తే ఏం చేయాలో పదకొండేళ్లుగా నెలకోసారి డ్రిల్లు. నిజం ఇంతవరకూ మా గూడు దాకా రాలేదు. ఏది డ్రిల్లో ఏది నిజమో ఎవరికీ చెప్పరాదన్నది మొదటి నియమం. చెబితే జనం గాయపడినట్టు పడుకుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటారట. ఈ నియమాన్ని పట్టుకుని వేలాడుతున్నది సంచాలకురాలు మైథిలి. నా దగ్గరే చదువుకుంది. రోగి నాడి ఎక్కడ పట్టుకోవాలో నేనే చూపించాను. ఇప్పుడు ఆమె పట్టుకునేవి మీటింగులు.

చీటీ మీద రంగు, నంబరు, గాయం ఉంటాయి. ఈ ఉదయం ముప్పై ఒకటి వచ్చాయి. ఆకుపచ్చవి ఇరవై ఒకటి, పసుపువి తొమ్మిది, ఎరుపుది ఒకటి. ఎరుపు చీటీకి పడవ వస్తుంది. గూడుకు ఒక్కటే పడవ, అందులో ఒక్కరే రోగి.

మిగతా గూళ్లలో ఎవరి చేతికి ఏ చీటీ వస్తే వారు అలా పడుకుంటారు. మా గూడు వేరు. ఇక్కడివాళ్ల తాతలు భాగోతాలాడినవాళ్లు. వేషం అంటే వంశపారంపర్యంగా రావాలని వీళ్ల నమ్మకం. ఏడో నంబరు ఎరుపు చీటీ, పేగులు బయటపడిన గాయం, దాలినాయుడిది. మొదటి డ్రిల్లులో వాళ్ల నాన్న వేశాడు, తర్వాత ఇతనికొచ్చింది. పాత చీరపేలికల్ని గంజిలో నానబెట్టి మెలిపెట్టిన పేగుల్ని రేకు డబ్బాలో దాచుకుంటాడు. కుడికాలు విరిగిన పసుపు చీటీ తొమ్మిదేళ్లుగా అసిరితల్లిది. అరవై దాటిన మనిషి, మా పురుళ్లన్నీ పోసేది ఆమే. డ్రిల్లు ఉన్నంతసేపూ కాలుకు బద్దలు కట్టించుకుని పక్కవాళ్లను నవ్విస్తూ ఉంటుంది.

వీళ్ల నటనకు గోడ మీది కెమెరా కన్ను తొమ్మిదేళ్లుగా వందకు వంద మార్కులు వేస్తోంది. మార్కుల్ని బట్టి మందుల పెట్టె వస్తుంది. పాము విరుగుడూ పురుటి మందులూ అందులోనే. చీటీలో లేని గాయం ఒక్కటి బయటపడినా ఆ గూడు డ్రిల్లు రద్దు, ఆర్నెల్లు పెట్టె ఉండదు. కడుపునొప్పి పేరు చెప్పి పడవెక్కి చుట్టాల ఊరు పోయేవాళ్లను ఆపడానికి పెట్టిన నియమం అది. ఎవరు పెట్టారో తర్వాత రాస్తాను.

నమోదు 2
శుక్రవారం, పొద్దెక్కాక

పడమటి గదికి వెళ్లి చూశాను. ఊడిపడిన పెళ్ల బల్లంత ఉంది. దాని అంచున నెత్తురు, అరచేతి వెడల్పున.

డ్రిల్లు నెత్తురు మాకు పెద్ద విషయం కాదు. పసుపు, సున్నం కలిపి గంజిలో చిక్కగా తిప్పితే వచ్చే పారాణి అది. ముప్పై ఒక్కమందీ ఉదయాన్నే దాన్ని పూసుకుని పడుకున్నారు. పారాణి మీద పులుపు పడితే ఎరుపు పోయి పసుపు తేలుతుంది. వంటశాలకు పోయి గిన్నెలో చింతపండు రసం తెచ్చుకున్నాను. పెళ్ల మీద రెండు చుక్కలు వేశాను.

ఎరుపు మారలేదు.

ఇంకో రెండు చుక్కలు వేశాను. మారలేదు. ముట్టుకుని వేళ్ల మధ్య రాసి చూశాను. నలభై ఏళ్లు నెత్తుట్లో మునిగిన చేతులకు ఆ జిగురు కొత్తది కాదు.

అంటే మా గూడులో ఎవరికో నిజంగా దెబ్బ తగిలింది. లేదా నన్ను పరీక్షించడానికి సంచాలకత్వం నిజం నెత్తురు తెచ్చి పోసింది. రెండోది పిచ్చి ఆలోచన అని నాకు తెలుసు. కానీ అలాంటి పనులు చేసినవాళ్లను దగ్గరగా చూశాను. నా పదవీ విరమణ సభలో నాకు కప్పిన శాలువాను మర్నాడు ఆఫీసు సామానుగా వెనక్కి అడిగారు. అలాంటివాళ్లు సీసాడు నెత్తురు ఒలకబోయడానికి వెనకాడతారా?

"బనమాలీ, ఎవరికో నిజం దెబ్బ తగిలింది. అందర్నీ పిలిచి అడుగు."

"ఏటని అడగమంటారు? సీటీలో నేని గాయం సెప్పండర్రా అనా? ఎవులైనా సెప్తారా బాబూ?"

"చెప్పకపోతే చచ్చిపోతారు."

"సెప్తే పెట్టి రాదు. ఆర్నెల్లు. నాగుపావులెక్కువ గదా ఈ ఏడు." అతను గొంతు తగ్గించాడు. "డ్రిల్లయిపోనాక నెమ్మదిగా అడుగుదాం."

గిన్నె పట్టుకుని నేనే బయల్దేరాను. గాయం మీద గాయం తడుపుతూ పోయాను. తలల మీద, మోచేతుల మీద, వీపుల మీద చింతపండు రసం. ముట్టుకున్న ప్రతి గాయమూ పచ్చగా తిరిగింది. పొద్దున్న నుంచి కష్టపడి వేసుకున్న వేషాలు పాడయ్యాయని జనం నన్ను తిట్టుకున్నారు. ఒకాయన, "డాట్రుబాబుకి మతి పోనాది, పులుసెట్టేత్తన్నారు మనల్ని," అన్నాడు. అందరూ మూలుగులు ఆపి నవ్వారు. అసిరితల్లి కాలి నెత్తురు కూడా పచ్చబడింది. ఆమె నవ్వలేదు. అది నేను గమనించాను, ఎందుకో అడగలేదు.

ముప్పై ఒకటీ పారాణే. మిగతా సుమారు నూట యాభై మందీ కట్లు కడుతూ, నీళ్లు మోస్తూ, స్ట్రెచర్లు ఎత్తుతూ తిరుగుతున్నారు. ఎవరూ కుంటడం లేదు. నెత్తురు ఉంది, గాయం లేదు. యుద్ధ వైద్యం మీద దొరికిన పుస్తకమల్లా చదివినవాణ్ని. గాయాలు దాచిన సైనికుల గురించి చదివాను, లేనివి చెప్పుకున్న సైనికుల గురించీ చదివాను. లేని గాయాన్ని ఇంత శ్రద్ధగా మోస్తూ ఉన్నదాన్ని దాచేవాళ్ల గురించి ఎవరూ రాయలేదు.

నమోదు 3
శుక్రవారం, మధ్యాహ్నానికి ముందు

దొరికింది. నా తెలివి వల్ల కాదు.

దాలినాయుడు నన్ను చెయ్యూపి పిలిచాడు. పేగులు పొట్ట మీద అందంగా పరుచుకుని వెల్లకిలా పడుకుని ఉన్నాడు. అతని పక్క చాప మీద అసిరితల్లి.

"డాట్రుబాబూ, నాయం సెప్పండి. ఈవిడ పొద్దున్నుంచీ ఎడం బుజం పట్టమంటంది. పేగులు బయటికొచ్చీసినోడు లెగిసి బుజాలెలా పడతాడు? మార్కులేసే కన్ను అటే సూత్తంది."

"కుడికాలు కదా అసిరితల్లీ నీది?"

"అవును బాబూ, కాలే. కుడికాలే." ఆమె గొంతు ఎండిపోయి ఉంది.

"మరి భుజమేమిటి?"

"ఏటో, లాగుతంది. పడుకున్నాను గదా, అందుకేమో."

భుజం తడిమాను. దెబ్బ లేదు, వాపు లేదు. మణికట్టు పట్టుకున్నాను. నిమిషానికి నూట ఇరవై ఎనిమిది. చెయ్యి చల్లగా, తడిగా ఉంది. చీర కుచ్చెళ్ల పైన, ఎడమ పక్కటెముకల కింద చెయ్యి పెట్టి నొక్కాను. ఆమె కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారాయి.

ఎడమ మోచేతికి లోపలివైపు గుడ్డ కట్టి ఉంది, కొంగు చాటున. పెళ్ల మీది నెత్తురు ఆ గీరుదే. పెళ్ల ఆమె పక్కటెముకల మీద పడింది. ప్లీహం పగిలింది, లోపల నెత్తురు పోతోంది. ఆ నెత్తురు పైకెక్కి ఊపిరితిత్తుల కింది పొరను, డయాఫ్రంను, తాకితే నొప్పి భుజంలో తెలుస్తుంది. మొదటి సంవత్సరం పిల్లలకు చెప్పే పాఠం.

"ఎప్పుడు తగిలింది?"

"ఏటి తగిలింది బాబూ?"

"అసిరితల్లీ."

ఆమె గోడ మీది కన్ను వైపు చూసింది. ఆ కన్నుకు చెవి లేదని అందరికీ తెలుసు, అయినా పెదవులు కదపకుండా మాట్లాడింది. "మన నచ్చుమి కోడలికి ఈ నెల్లోనే పురుడు. పెట్టిలో మందు నేకపోతే నానేటి సేత్తాను? సాయంత్రం దాకా ఓపిక పడతాను. అదొక్కటీ రాయకండి."

సాయంత్రం దాకా ఆమె ఉండదు.

నమోదు 4
శుక్రవారం, మిట్టమధ్యాహ్నం

మైథిలికి ఫోను కలపడానికి పన్నెండు నిమిషాలు పట్టింది. కలిశాక నాకు ఒకే ఒక్క ప్రశ్న.

"ఇది డ్రిల్లా, నిజమా? ఒక్క మాట చెప్పు, పెట్టేస్తాను."

"చెప్పకూడదు మాస్టారూ."

"ఒక మనిషి చచ్చిపోతోంది."

"చీటీ నంబరు?"

"చీటీలో లేని గాయం."

ఆమె గొంతు మారింది. "చీటీ లేకుండా పడవ పంపాలంటే నిజమని ప్రకటించాలి. ప్రకటిస్తే తీరమంతా కదులుతుంది, అన్ని పడవల వరసా మారుతుంది. మీకు ఆఖరి పడవ వస్తుంది. ఎనిమిది గంటలు."

"డ్రిల్లేనని నీకు తెలిస్తే, ప్రకటన లేకుండానే డ్రిల్లు ఆపి ఒక పడవ పంపొచ్చు."

"నాకు తెలియదు మాస్టారూ."

"అబద్ధం."

"ఒట్టు. యంత్రం నాక్కూడా చెప్పదు. సంచాలకులకు తెలిస్తే వాళ్ల మొహాల్లో కనిపిస్తుందని అలా రాశారు. మొదటి నియమం, రెండో వాక్యం. మీరే రాశారు."

నేనే రాశాను. చీటీలో లేని గాయం సంగతి నాలుగో నియమం, అదీ నాదే. తర్వాత రాస్తానన్నది ఇదే. పన్నెండేళ్ల కిందట, జనాన్ని నమ్మడం అనే జబ్బు నాకు లేదని గర్వపడే రోజుల్లో రాశాను. నా పేరు తీసేశారని ఇన్నాళ్లూ ఏడ్చాను. తీసేయకపోయి ఉంటే ఈ గూడులో నాకు గుక్కెడు నీళ్లు ఇచ్చేవారు కాదేమో.

"మీ ఎరుపు చీటీకి పడవ బయల్దేరింది," అంది మైథిలి. "గంటలో వస్తుంది. నాకు తెలిసింది అంతే." ఆమె కావాలని చెప్పిందో, యథాలాపంగా అందో నాకు తెలియదు.

దాలినాయుడి దగ్గరికి వెళ్లి కూర్చున్నాను.

"నీ చీటీ అసిరితల్లికి ఇవ్వు."

"ఏటి?"

"ఏడో నంబరు ఆమెది. ఆమె కాలు చీటీ నీది. పడవలో ఆమె వెళుతుంది."

"నాను ఇయ్యను." అతను పేగుల మీద చెయ్యి వేసుకున్నాడు, ఎవరో లాక్కుంటున్నట్టు. "ఇది మా అయ్య ఆడిన గాయం బాబూ. సచ్చిపోయే ముందు నా సేతిలో ఎట్టినాడు డబ్బా. ఎల్లిపోనోళ్లందరూ పైనుంచి మా వేసమే సూత్తారు. కాలు ఇరగడం వేసమేటి? ఎవులైనా ఆడతారు."

"నాకొద్దు," అంది అసిరితల్లి చాప మీంచి. "ఆడి సీటీ నాకెందుకు? తేడా తెలిస్తే మార్కులు పోతాయి. బాబూ, ఒగ్గీయండి నన్ను."

"ఇనండి, ఆవిడే వొద్దంటంది," అంటూ దాలినాయుడు ఆమె వైపు తిరిగాడు. ఉదయం నుంచి వెల్లకిలా పడుకుని ఉన్నాడు గనక ఆమె ముఖం చూడడం అదే మొదటిసారి. చాలాసేపు చూశాడు. పని తెలిసినవాడు ఇంకొకరి పనిని చూసే చూపు అది. పెదవులు చూశాడు, గోళ్లు చూశాడు, ముక్కు కొసన పట్టిన చెమట చూశాడు.

"డాట్రుబాబూ. ఇది ఆట కాదు."

"కాదు."

"పిండి రాసినా ఈ తెలుపు రాదు. మా అయ్యే తేనేకపోనాడు."

లేచి కూర్చున్నాడు. పదకొండేళ్లలో పడవ రాకుండా అతను లేచి కూర్చోవడం ఎవరూ చూడలేదు, చుట్టుపక్కల మూలుగులు ఆగిపోయాయి. కన్నుకు వీపు అడ్డం పెట్టి పేగులు మడిచి ఆమె పొట్ట మీద పరిచాడు. చీటీ మార్చాడు. పారాణి కాస్త ఆమె చీరకు పూశాడు.

"మూలగకత్తా," అన్నాడు. "ఈ గాయానికి మూలుగు నేదు. ఊపిరి సిన్నగా, పైపైన తియ్యాల. నువ్వలాగే తీత్తన్నావులే." తర్వాత ఆమె చాప మీద పడుకుని బద్దలు తన కాలికి కట్టుకుంటూ నన్ను అడిగాడు. "కుడికాలే గదా?"

నమోదు 5
శుక్రవారం, సాయంత్రం

రోగితో ఒకరు పోవచ్చు. నేను పోయాను. పడవలో రెండుసార్లు నాడి అందలేదు.

రెండో గట్టు మీది ఆసుపత్రిలో పొడవాటి హాలు, నలభై మంచాలు. నలభై గూళ్ల ఎరుపు చీటీలు వరసగా పడుకుని ఉన్నాయి. ఒక కుర్ర డాక్టరు మంచం మంచానికీ వెళ్లి, కోత ఎక్కడ పెట్టాలో ఒంటి మీద పెన్నుతో గీత గీసి, చీటీ మీద ముద్ర వేస్తున్నాడు. అతని వెనకాల ఒకావిడ పులిహోర పొట్లాలు పంచుతోంది. ఇది డ్రిల్లు పద్ధతే. నిజమైనా చివరి నిమిషం దాకా ఇదే పద్ధతి.

డాక్టరు పేరు తౌఫీక్. చీటీ చూశాడు, రోగిని చూశాడు. "దాలినాయుడు, పురుషుడు, నలభై రెండు. ఈవిడ ఎవరండీ?"

"అసిరితల్లి. ప్లీహం పగిలింది. గీత గీయకు, పొట్ట తెరువు."

"సార్, మీరు ఆ..." నన్ను గుర్తుపట్టాడు. పాఠ్యపుస్తకంలో నా ఫోటో చిన్నది ఉంటుంది, పేరు లేకుండా. "సార్, ఇది కూడా పరీక్షలో భాగమా?"

ఆ ప్రశ్నకు అతన్ని తిట్టే హక్కు నాకు లేదు. స్కాను మిషను ఆమె పక్కటెముకల కింద పెట్టించాను. తెర మీద ఎక్కడ చూసినా నల్లటి ద్రవం.

"తెర మీద కూడా దొంగ బొమ్మలు పెడతారు సార్," అన్నాడు. "పోయిన ఏడు పెట్టారు. ఆపరేషన్ గది తాళం యంత్రం దగ్గరుంది. ఎవరైనా డాక్టరు నిజమని వేలిముద్ర వెయ్యాలి. తర్వాత డ్రిల్లని తేలితే ఆ డాక్టరు జన్మలో రోగిని ముట్టుకోకూడదు. నాకు ముప్పై ఏళ్లు సార్."

"నాకు డెబ్బై ఆరు," అన్నాను.

గోడ మీది అద్దానికి బొటనవేలు ఆనించాను. తీసుకోలేదు. ఉప్పు గీకి గీకి గీతలు అరిగిపోయాయి. ఇంకో వేలు పెట్టాను. మూడోది పెట్టాను. ఆమె చేతి చెమటకు వేలు తడిపి మళ్లీ పెట్టాను. అప్పుడు తలుపు తెరుచుకుంది.

"నిజమా సార్?" అని తౌఫీక్ ఆఖరిసారి అడిగాడు, కత్తి చేతిలో పెట్టుకుని.

"నిజం," అన్నాను. నేను రాసిన నియమాల ప్రకారం ఎక్కడా ఎవరూ పలకకూడని మాట అది.

కోశాడు. బాగా కోశాడు. నేను ఎదురుగా నిలబడి కోత అంచుల్ని విడదీసే కొక్కెం పట్టుకున్నాను. రెండు లీటర్ల పైన నెత్తురు వచ్చింది. తౌఫీక్ ఒక్కసారి తల పక్కకు తిప్పి ఊపిరి తీసుకున్నాడు, మళ్లీ పనిలో పడ్డాడు. చేతుల మాటెలా ఉన్నా నా నోరు బాగానే పనిచేసింది. ఏది పట్టుకోవాలో, ఏది ముందు కట్టాలో చెప్పగలిగాను.

నమోదు 6
శనివారం, ఉదయం

బతికింది. నాడి తొంభై నాలుగు.

నిన్నటిది డ్రిల్లో నిజమో ఇంకా తెలియదు. ఫలితాలు పోటు వేళకు వస్తాయట. డ్రిల్లు అయితే మా గూడు మార్కులు పోతాయి, మందుల పెట్టె పోతుంది, నా చేతులు పోతాయి. నిజమైతే ఏమవుతుందో ఎవరూ చెప్పలేకపోతున్నారు, అలాంటిది ఇంతవరకూ జరగలేదు గనక. మైథిలి ఫోను చేసింది. పెట్టె ఆగితే నచ్చుమి కోడలి మందు తన సొంత పేరు మీద పంపుతానంది. నేను థాంక్స్ చెప్పలేదు. ఒకరోజు చెప్పవలసి వస్తుందేమో.

అసిరితల్లి కళ్లు తెరిచేసరికి మంచం పక్కన కూర్చుని ఉన్నాను. దాలినాయుడి సంగతి, మార్కుల సంగతి అడుగుతుందనుకుని జవాబులు సిద్ధం చేసుకున్నాను. ఆమె పెదవులు తడిపాను.

"బాబూ," అంది. "ఆ పక్క మంచమాయన."

"ఏం?"

"మత్తులో వొత్తా పోతా సూసినాను. అందరూ పులిహోరకి సెయ్యి సాపినారు. ఆయన సాపనేదు. మంచినీళ్లకీ సాపనేదు. రేత్రి నుంచీ పలుకు నేదు." ఆగి ఊపిరి తీసుకుంది. "సూడండి ఒకపాలి."

హాలు చివరిదాకా చూశాను. ముప్పై తొమ్మిది మంచాలు. నిన్న వచ్చినవాళ్లు ఇంకా వెళ్లలేదు, వెనక్కి పంపే పడవల్ని యంత్రం ఇంకా పిలవలేదు. ఒళ్ల మీద గీసిన గీతలు ఆరిపోయాయి. ఇందులో ఎందరు తమ చీటీలకు న్యాయం చేస్తూ పడుకున్నారో, ఎందరు చీటీల కింద ఇంకేదో దాచుకుని పడుకున్నారో నాకు తెలియదు. ముప్పై తొమ్మిది గూళ్లు. ప్రతి గూడులోనూ ఒక నచ్చుమి కోడలు ఉంటుంది.

పోటు రావడానికి మూడు గంటలుంది. అప్పటిదాకా నా చేతులు నావే. తౌఫీక్‌ను లేపి, స్కాను మిషను తోసుకుని రమ్మన్నాను.

పక్క మంచం మీద యాభై ఏళ్ల మనిషి, తలకు కట్టు. దుప్పటి తీసి ఛాతీ మీద చెయ్యి వేశాను. అతను బెదిరి నా మణికట్టు పట్టుకున్నాడు.

"తలండీ," అన్నాడు. "నాది తల."

"తెలుసు," అన్నాను. "గట్టిగా ఊపిరి పీల్చు."